పున్నమ్మ నీలి బాన

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రానికి కాస్త ఇవతలగా, ఉప్పుగాలి వచ్చి తలుపులు తట్టే ఊళ్ళో, ఒక అమ్మా ఒక కూతురూ ఉండేవాళ్ళట. అమ్మ పేరు నాంచారమ్మ, కూతురి పేరు పున్నమ్మ. దుప్పటి కప్పుకో, చెబుతాను. కాలు బయట పెట్టకు, దోమలు పీకుతాయి.

నాంచారమ్మది గుడ్డలకు నీలిరంగు వేసే పని. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆవిడ ఒక్కతే. ఇంటి పెరట్లో తాటాకు పాక, ఆ పాకలో మెడ దాకా భూమిలో పాతిన పెద్ద బాన. అదే నీలి బాన. అందులో నీలిమందు వేసి, రోజూ పొద్దున సున్నపు తేట పోసి, సాయంత్రం తగిరిస గింజలు ఉడకబెట్టిన నీళ్ళు పోసి, కర్రతో మెల్లిగా కలపాలి. ఒక పక్షం అలా చేస్తే ఆ బాన పులిసి, బుడగలు కట్టి, బతుకుతుంది. అవును తల్లీ, బతుకుతుందనే అనేవాళ్ళు. వేళకు తిండి పెట్టకపోతే చచ్చిపోతుంది మరి.

బతికిన బానలో తెల్లగుడ్డ ముంచి తీస్తే నీలంగా వస్తుందనుకుంటున్నావా? రాదు. లేత ఆకుపచ్చగా వస్తుంది. ఆ తర్వాత గాలి తగిలే కొద్దీ, మనం చూస్తూ ఉండగానే, అంచుల నుంచి మొదలుపెట్టి మెల్లిగా నీలం అయిపోతుంది. అలా మారుతుంటే చూడటానికి ఊళ్ళో పిల్లలంతా పాక చుట్టూ చేరేవాళ్ళు.

ఇక పున్నమ్మ సంగతి. పిల్ల బంగారం. ఎవరికి ఏ సాయం కావాలన్నా ముందుండేది, బద్ధకం అన్నదే ఎరగదు. కానీ మనసు ఒకచోట నిలవదు. ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ కాకి అరిస్తే కాకిని చూడటానికి పోయేది, కాకిని చూస్తూ చూస్తూ జామకాయ కోసేది, జామకాయ తింటూ పక్కింటికి పోయేది. చీపురేమో నట్టింట్లో అలాగే పడి ఉండేది. నవ్వుతావేం? నీ చెప్పు ఒకటి గుమ్మంలో, ఇంకోటి పెరట్లో ఉన్న సంగతి నాకు తెలీదనుకున్నావా?

అప్పుడు ఏమయిందంటే, నాంచారమ్మకు చూపు తగ్గడం మొదలయింది. ముందు సూదిలో దారం ఎక్కలేదు. తర్వాత బియ్యంలో రాళ్ళు కనపడలేదు. ఆ తర్వాత వాకిట్లో నిలబడ్డ మనిషి ఎవరో గొంతు వింటే గాని తెలిసేది కాదు. వైద్యుడు వచ్చి రెప్పలు ఎత్తి చూసి, "పసరు వేస్తాను గాని అమ్మా, ఆశ పెట్టను. వానలు పట్టేసరికి పూర్తిగా పోవచ్చు" అన్నాడు.

ఆయన వెళ్ళాక నాంచారమ్మ అరుగు మీద కూర్చుంది. తర్వాత కూతుర్ని పిలిచింది.

"పున్నీ, నాకొక కోరిక ఉందే. ఇన్నేళ్ళూ రంగు వేశాను గాని, గుడ్డ నీలంగా మారడం తీరుబడిగా ఏనాడూ చూడలేదు. ఒకటి తీయగానే చేతులు ఇంకోదాన్ని ముంచేవి, కళ్ళు చేతుల వెంట పోయేవి. ఈసారి నీలిమందు వేసి బాన నువ్వు కట్టు. చీర నువ్వే ముంచు. నేను అరుగు మీద కూర్చుని, పచ్చ నుంచి నీలం దాకా ఒక్కసారి రెప్ప వేయకుండా చూస్తాను. చూపు పోయేలోపు ఆ ఒక్కటీ చూస్తే చాలు."

"అదెంత పనమ్మా, చిటికెలో చేస్తా" అంది పున్నమ్మ. అప్పటికి వేసవి సగమే అయింది. వానలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయనిపించింది.

మర్నాడే బాన కట్టింది. పాలసముద్రం చిలికినంత ఉత్సాహంగా కలిపింది. కొన్నాళ్ళు బాగానే సాగింది. అప్పుడు ఒక పొద్దున, సున్నపు తేట పోసి పిడత కింద పెడుతుంటే, వీధిలోంచి గాజులమ్మే ఆవిడ కేక వినపడింది. అంతే, పరుగు. ఎర్రగాజులా పచ్చగాజులా అని బేరాలాడి, చేతినిండా వేయించుకుని, గలగలలాడించుకుంటూ తిరిగి వచ్చింది.

వచ్చి పిడత వంక చూసింది. ఇంతకీ తేట పోశానా, పోయలేదా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. పోయలేదేమోలే అనుకుని మళ్ళీ పోసింది. సున్నం రెట్టింపు అయింది. సాయంత్రానికి బుడగలు ఆగిపోయాయి, మూడో నాటికి బాన నల్లగా చల్లబడిపోయింది.

నాంచారమ్మ వంగి వాసన చూసి, "పోయిందే" అంది. కోప్పడలేదు. పున్నమ్మే ఏడ్చింది. అయితే ఆ ఏడుపు గాజుల మోజు తీరేదాకా కూడా లేదు.

ఆ తర్వాత పున్నమ్మ రెండో బాన కట్టింది. అంతలోకే నాంచారమ్మ పసరు వేయించుకోవడానికి నాలుగు రోజులు వైద్యుడి ఊరికి పోవాల్సి వచ్చింది. ఎడ్లబండి ఎక్కుతూ ఆవిడ, "మరుపొస్తే కొంగుకు ముడి వేసుకో. మా అమ్మ నాకు అదే నేర్పింది" అని చెప్పి వెళ్ళింది.

పున్నమ్మకు ఆ మాట తెగ నచ్చింది. గింజలు ఉడకబెట్టాలని ఒక ముడి వేసింది. బానకు మూత పెట్టాలని ఇంకో ముడి. పక్కింటి మజ్జిగ గిన్నె తిరిగివ్వాలని ఒకటి, గేదెకు కుడితి పెట్టాలని ఒకటి, పొయ్యిలోకి పుల్లలు ఏరాలని ఒకటి, సంతలో పూసలదండ చూడాలని ఒకటి. పొద్దు వాలేసరికి కొంగంతా ముడులే. చింతకాయల గుత్తిలా వేలాడుతోంది.

అప్పుడు గడప మీద కూర్చుని కొంగు చేతిలోకి తీసుకుంది. ఇది గిన్నె ముడా, కుడితి ముడా? ఈ బిగుతుది దేనికి, ఈ వదులుది దేనికి? ఒక్కటీ గుర్తు రాలేదు. ముడులన్నీ ఉన్నాయి, పనులే లేవు. విసుగొచ్చి అన్నిటినీ విప్పేసి, ముడతలు దులిపి, హాయిగా పడుకుంది.

విప్పినవాటిలో గింజల ముడి ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాంచారమ్మ బండి దిగేసరికి బానలో నీళ్ళు ఉన్నాయి గాని ప్రాణం లేదు. ఆకలితో మాడి చచ్చిపోయింది పాపం.

ముడుల కథ వింటూ నాంచారమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటున్నప్పుడు పున్నమ్మ ఒకటి గమనించింది. అమ్మ తనవైపు తిరిగి మాట్లాడుతోంది గాని, తన మొహానికి జానెడు పక్కగా చూస్తోంది. పసరు పని చేయలేదన్నమాట. మొదటిసారి పున్నమ్మ వానలు ఇంకెన్నాళ్ళో లెక్కపెట్టుకుంది.

మూడో బానకు మాత్రం పున్నమ్మ ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. అటు పోదు, ఇటు చూడదు. వేళకు తేట, వేళకు గింజల నీళ్ళు. వీధి చివర ఉండే సాలె అప్పన్న బాబాయి, నాంచారమ్మ మీద గౌరవం కొద్దీ, సన్నటి తెల్లచీర ఒకటి నేసి తెచ్చాడు. "వదినా, ఇది నీ కూతురు నీకు వేసే రంగుకి" అని అరుగు మీద పెట్టి వెళ్ళాడు.

నాంచారమ్మ రోజూ సాయంత్రం బాన దగ్గర కూర్చుని వాసన చూసేది. "ఇంకా పచ్చివాసన పోలేదే. నేను చెప్పేదాకా ముంచకు" అనేది. పైకి రాగి రంగులో మీగడ కట్టాలి, లోపలి నీళ్ళు పచ్చబడాలి, వాసన తియ్యగా మారాలి. అప్పుడే ముంచాలి.

కానీ పున్నమ్మకు ఆగడమంటే ఎప్పుడూ రాలేదు కదా. ఆరోజు పొద్దున్నే బాన మీద నాలుగు బుడగలు లేచాయి. ఆకాశంలో ఒక మబ్బు కూడా లేచింది. మబ్బును చూసేసరికి వానలు వచ్చేస్తున్నాయని కంగారు పుట్టింది. అమ్మను లేపి చూపించాలన్న సంగతే మరిచి, చీర తీసుకుపోయి ముంచేసింది.

చీర పచ్చగా రాలేదు. బూడిద రంగులో, మచ్చలు మచ్చలుగా వచ్చింది. నీళ్ళలో జాడిస్తే ఆ రంగు కూడా సగం నీళ్ళ పాలయింది. పచ్చి బానను కెలికింది కనక, బాన కూడా పాలు విరిగినట్టు విరిగిపోయింది.

ఈసారి పున్నమ్మ ఏడవలేదు. తడిచీర ఒళ్ళో వేసుకుని పాకలో కూర్చుండిపోయింది. నాంచారమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. చీర తడిమింది. బూడిద రంగని ఎవరూ చెప్పక్కర్లేదు, చీరలోని పచ్చివాసనే చెప్పింది.

"నాకెందుకిలా అవుతుందమ్మా? చెయ్యాలనే ఉంటుంది. నీమీద ప్రేమ లేక కాదు" అంది పున్నమ్మ.

"లేదని ఎవరన్నారే? తప్పు నాది కూడా ఉంది. ఈ పని నా చేతులకు వచ్చింది గాని, నీకు చెప్పాలని నాకు తోచలేదు. చిన్నప్పుడే కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. పనే చూసుకున్నాను."

అలా అని నాంచారమ్మ, అప్పుడు, అంత ఆలస్యంగా, కూతురికి నేర్పడం మొదలుపెట్టింది.

"తేట పోశాక పిడతను బోర్లించు. బోర్లించి ఉంటే పోసినట్టు, నిలబడి ఉంటే పోయనట్టు. గుర్తు పెట్టుకునే బరువు నీకెందుకు, పిడత మోస్తుంది. కొంగుకు ఒక్కటే ముడి వెయ్యి. వేసేటప్పుడు దేనికో పైకి చెప్పు, నీ చెవులకు వినపడేట్టు చెప్పు. ఆ పని అయ్యి ఆ ముడి విప్పేదాకా రెండోది వెయ్యకు. అన్నీ ఒకేసారి మోయబోతే ఒక్కటీ చేతిలో ఉండదు."

"మరి మనసు పరిగెడితేనో?"

"నోటినిండా నీళ్ళు పోసుకో. మింగకుండా, ఉమ్మకుండా అలాగే నిలబడు. ఎవరు పిలిచినా పలకలేవు, ఎటూ పరిగెత్తలేవు. ఆ కాస్తసేపట్లో నువ్వేం చేస్తున్నావో నీకే గుర్తొస్తుంది. అప్పుడు మింగు. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. చాలాసార్లు అనిపించదులే."

ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది. "పక్షం రోజుల పనిని ఒక్కసారే తలుచుకోకు, భయమేస్తుంది. పొద్దు గూకేముందు రేపటి సామాను గోడవారగా వరసన పెట్టుకో. ముందు కావలసింది ముందు. తెల్లారి లేచి ముందున్నది చేత్తో తీసుకో, అంతే. మిగతాది దాని వెనకే వస్తుంది."

పున్నమ్మ నాలుగో బాన కట్టింది. పిడత బోర్లించింది. ఒక్క ముడే వేసింది, పైకి చెప్పి మరీ వేసింది. ఇదేమిటి, ఈ పిల్ల కొంగుతో మాట్లాడుతోందని అమ్మలక్కలు ముక్కున వేలేసుకున్నారు. మొదట్లో ఒకటి రెండు సార్లు పిడత బోర్లించడమే మరిచిపోయింది. ఒకసారి నీళ్ళు నోట్లో ఉండగానే నవ్వొచ్చి అప్పన్న బాబాయి మొహం మీద చిమ్మింది. ఒక్క రోజులో వచ్చే విద్య కాదది. చెయ్యగా చెయ్యగా, పడి లేవగా లేవగా, మెల్లిగా చేతికి అలవాటయింది.

అప్పన్న బాబాయి ఆ బూడిద చీరనే ఉతికించి, గంజి తీసి, మళ్ళీ తెల్లగా చేసి ఇచ్చాడు. ఇంకో చీర నెయ్యడానికి వేళ లేదు మరి.

అంతలో ఊళ్ళోకి తోలుబొమ్మలాట వాళ్ళు వచ్చారు. డప్పు మోగుతోంది. పిల్లలూ పెద్దలూ పరుగులు తీస్తున్నారు. పున్నమ్మకు బొమ్మలాటంటే ప్రాణం. గింజల నీళ్ళు పొయ్యి మీద సగమే ఉడికాయి. కాళ్ళు వాకిట్లోకి నడిచాయి. అప్పుడు చెంబు ఎత్తి నోటినిండా నీళ్ళు పోసుకుంది. బుగ్గలు పూరించుకుని, రెండు చేతులతో గుంజ పట్టుకుని నిలబడింది. డప్పు వినపడుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగింది. వెనక్కి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది.

అరుగు మీద ఉన్న నాంచారమ్మ, "ఆటకు వెళ్ళలేదేమే?" అని అడిగింది.

"గింజలు ఉడకలేదమ్మా" అంది పున్నమ్మ.

ఆ తర్వాత పెద్ద గాలివాన ఒకటి వచ్చి ఊరిని తడిపి పోయింది. పున్నమ్మ బాన మీద మూత వేసి, మూత మీద గోనెపట్టాలు కప్పి, పక్కనే కూర్చుని కాపాడింది. వాన వెలిసింది. బాన బతికే ఉంది.

ఇంకొన్నాళ్ళకు బాన మీద రాగి రంగు మీగడ కట్టింది. నాంచారమ్మ వంగి వాసన చూసింది. మొహం విప్పారింది. "తియ్యగా ఉందే. రేపు ముంచు" అంది.

మర్నాడు ఎండ కాసింది. వానల్లో అలాంటి ఎండ దొరకడం అదృష్టం. పున్నమ్మ అమ్మకు తలదువ్వి, ఉతికిన చీర కట్టి, అరుగు మీద కూర్చోబెట్టింది. అరుగుకు ఎదురుగా, వెలుతురు బాగా పడేచోట దండెం కట్టింది. పాకలోకి వెళ్ళి చీర ముంచింది. తొందరపడలేదు. తీయాల్సినప్పుడే తీసింది. రెండు చేతులతో పట్టుకుని పరుగులాంటి నడకతో వాకిట్లోకి వచ్చింది. ఆ కాస్త దూరానికి దాని పచ్చదనం ఎక్కడ పోతుందోనని భయం.

చీర లేత అరిటాకు రంగులో నిగనిగలాడుతోంది. ఒక్క మచ్చ లేదు.

"అమ్మా, చూడు. తెచ్చాను" అంది రొప్పుతూ.

నాంచారమ్మ నవ్వింది. తల ఊపింది. "ఎంత మంచి నీలమే తల్లీ. నా చేతికి కూడా ఇంత నీలం ఎప్పుడూ రాలేదు" అంది.

పున్నమ్మ చేతుల్లో చీర ఇంకా పచ్చగానే ఉంది.

పున్నమ్మ అమ్మ కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు దండెం వైపు లేవు, చీర వైపు లేవు. గొంతు వినపడిన వైపు తిరిగి, ఊరికే తెరుచుకుని ఉన్నాయి.

అప్పుడు చీర అంచు నీలంగా మారడం మొదలయింది. తర్వాత కొంగు మారింది. ఆ తర్వాత చీరంతా మారింది. పచ్చ నుంచి నీలం దాకా మొత్తం పున్నమ్మ ఒక్కతే చూసింది. ఎంత బాగుందో ఆ రంగు. అంత బాగున్నందుకే ఆ పిల్ల తట్టుకోలేకపోయింది.

తడిచీర దండెం మీద వేసి వచ్చి అమ్మ పాదాల దగ్గర కూర్చుంది. "ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగింది.

నాంచారమ్మ దాచలేదు. "గాలివాన నాడే పోయింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు బాన వదిలేసి నా పక్కన కూర్చునేదానివి. మొదటిసారి నీ చేతిలో ఒక పని చివరిదాకా పోతోంది. అది ఆపడానికి నాకు మనసొప్పలేదు."

పున్నమ్మ అమ్మ ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది. గాజుల నాడు ఆ బాన బతికుంటే అమ్మ చూసేది. ముడుల నాడు బతికున్నా చూసేది, కాస్త మసకగానైనా చూసేది. వేసవి అంతా చేతిలో ఉండగా పోగొట్టుకుంది. నాంచారమ్మ తల నిమురుతూ ఉంది గాని, ఊరుకోమని అనలేదు. ఏడవాల్సినదేనని ఆవిడకూ తెలుసు.

ఆ తర్వాతా? ఆ తర్వాత పున్నమ్మ చాలా పెద్ద పేరు తెచ్చుకుంది. ఆమె బాన మళ్ళీ చావలేదు. పెళ్ళిచీరలకని ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. పున్నమ్మ చేస్తానందంటే అయిపోయినట్టేనని అందరూ అనేవాళ్ళు. అరుగు మీద కూర్చుని ఆ మాటలన్నీ నాంచారమ్మ వినేది, విని మురిసిపోయేది. ఆవిడ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. ఆ నీలిచీరే కట్టుకుని తిరిగేది. రంగు బాగుందని ఎవరైనా అంటే కొంగు చేత్తో తడిమి, మా పున్ని వేసింది అని చెప్పుకునేది.

పాక లోపల పున్నమ్మకు ఆ మాట వినపడేది. పని ఆపేది కాదు. కళ్ళు మాత్రం తుడుచుకునేది. అంతా నేర్చుకుంది తల్లీ ఆ పిల్ల. ఒక్క వేసవి ఆలస్యంగా నేర్చుకుంది.

నిద్రొచ్చిందా? రానీ.

చీర నీలమైంది,
చెరువు చీకటైంది,
చందమామ మబ్బు చాటున చేరింది,
చిన్నారి కన్ను రెప్ప చాటున వాలింది.
కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మన చెయ్యి పట్టింది.